మొండి బూట్ కవర్‌ని దారికి తెచ్చుకోవడం: ఓపెన్ టాప్ కారున్న హైదరాబాదీలకు సమగ్ర మార్గదర్శి

పార్శిల్ విప్పి, కవర్ తీసి కారు మీద పరుస్తారు. చూస్తే రెండు అంగుళాలు పొట్టిగా ఉంటుంది. ఎంత గుంజినా చివరి బటన్ అందాల్సిన చోటికి అందదు. కొత్త బూట్ కవర్ కొన్న ప్రతివాళ్లకీ అప్పుడు వచ్చే అనుమానం ఒకటే: తప్పు సైజు పంపారా? చాలాసార్లు సైజు సరైనదే. కింద టాప్ సరిగ్గా మడతపడకపోవడమో, రెగ్జిన్ చల్లగా బిర్రబిగిసి ఉండటమో, బటన్లు పెట్టే వరస తప్పడమో, ఈ మూడింట్లో ఏదో ఒకటి కారణం అయి ఉంటుంది. బలం చాలకపోవడం మాత్రం కాదు. బలం ఎక్కువైతేనే కుట్లు తెగుతాయి, బటన్లు ఊడొస్తాయి, గోళ్లు విరుగుతాయి.

బూట్ కవర్ అంటే ఇక్కడ డిక్కీలో పరిచేది కాదు. కన్వర్టిబుల్ కారు టాప్ (మడిచే పైకప్పు) దించి సీట్ల వెనక మడిచాక, ఆ మడత మీద కప్పే రెగ్జిన్ తొడుగు. టాప్ ఇనుప ఫ్రేమ్, లోపలి లైనింగ్ బయటికి కనిపించకుండా దాస్తుంది, టాప్ లోపలి వైపు ఎండా దుమ్మూ పడకుండా చూస్తుంది, గాలికి గుడ్డ టపటపా కొట్టుకోకుండా ఆపుతుంది. కొత్త కార్లలో చాలావాటికి దీని అవసరమే లేదు. టాప్ దానంతట అదే ఒక మూత కిందికి వెళ్లిపోతుంది, లేదా టాప్ ముందు భాగమే మడతలో పైకొచ్చి మూతలా కూర్చుంటుంది. కవర్ కావాల్సినవి పాత తరం రోడ్‌స్టర్లు, అంటే రెండు సీట్ల ఓపెన్ టాప్ కార్లు: 1962 నుంచి 1980 దాకా వచ్చిన ఎంజీబీ, 1989లో మొదలైన మొదటి తరం మాజ్దా ఎంఎక్స్-5, 1990ల నాటి బీఎండబ్ల్యూ జెడ్3 లాంటివి. ఎంఎక్స్-5ని మన దేశంలో కంపెనీ ఎప్పుడూ అమ్మలేదు కాబట్టి దాని కవర్ కూడా బయటి నుంచి పార్శిల్‌లో మడతలుపడి రావాల్సిందే. సగం తంటా అక్కడే మొదలవుతుంది.

మీ కారుకి ఉన్న బిగింపు ఏ రకం?

కవర్ చేతిలోకి తీసుకునే ముందు కారు చుట్టూ ఒకసారి తిరిగి, బిగింపులు ఏవో చూడండి. ఒకే కారులో రెండు రకాలు ఉండటం మామూలే.

ఎక్కువగా కనిపించేవి టిచ్ బటన్లు. బాడీకి స్క్రూతో బిగించిన మగ బటన్, కవర్‌కి ఆడ బటన్. నిటారుగా నొక్కితే టక్కున పడతాయి, పక్కవాటుగా నొక్కితే పడవు. పాత బ్రిటిష్ కార్లలో లిఫ్ట్-ది-డాట్ అనే రకం ఉంటుంది. ఇది మూడు వైపులా పట్టుకుని ఒక్క వైపే వదులుతుంది. టోపీ మీద చిన్న బొడిపె ఉన్న వైపు ఎత్తితేనే వస్తుంది. తెలియక మిగతా వైపుల నుంచి పీకితే గుడ్డ చిరుగుతుంది కానీ బటన్ కదలదు. టెనాక్స్ రకానికి తల పట్టుకుని పైకి లాగాలి. తిప్పుడు బటన్లయితే అండాకారపు కన్నంలోంచి బయటికొచ్చిన ముక్కుని పావు చుట్టు తిప్పాలి.

ఇవి కాక అంచు దూర్చే రకం ఉంది. కవర్ అంచుకి గట్టి ప్లాస్టిక్ పట్టీ కుట్టి ఉంటుంది, దాన్ని బాడీకీ మోల్డింగ్‌కీ మధ్య సందులో దూర్చాలి. కొన్నిటికి ముందు మూలల్లో కొక్కేలు ఉంటాయి. వీటి సంగతి ముందే తెలియాలి. ఎందుకంటే అంచు దూర్చడానికీ కొక్కెం తగిలించడానికీ కవర్ వదులుగా ఉండాలి. వెనక బటన్లన్నీ పెట్టేసి ముందుకొచ్చి కొక్కెం తగిలిద్దామంటే అయ్యే పని కాదు.

టాప్ మడత సరిగా ఉందా

నా లెక్కలో కవర్ కూర్చోకపోవడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇదే, జనం అన్నిటికంటే తక్కువ పట్టించుకునేదీ ఇదే. కవర్‌ని సరిగ్గా మడిచిన టాప్ కొలతకి కుడతారు. మడత ఒక అంగుళం ఎత్తుగా ఉంటే కవర్ ఆ అంగుళం ఎక్కి, మళ్లీ దిగాలి. అంటే మొత్తం మీద రెండు అంగుళాల గుడ్డ అదనంగా కావాలి. ఆ రెండు అంగుళాలే మీకు వెనక తక్కువపడుతున్నాయి.

ముందు కారు కడగండి, కనీసం వెనక భాగమైనా. మన ఊరి దుమ్ములో సగం కట్టుబడి దుమ్ము, అంటే సన్నటి ఇసుక, సిమెంటు, గ్రానైట్ పొడి. అది కవర్ అంచు కిందపడితే ప్రయాణంలో అంచు కదిలినప్పుడల్లా పెయింట్‌ని గీకుతూనే ఉంటుంది. అంచు ఆనే చోట పీపీఎఫ్ (పెయింట్‌ని కాపాడే పారదర్శక ఫిల్మ్) పట్టీ వేయించుకోగలిగితే మరీ మంచిది. ఇప్పుడు ఆ ఫిల్మ్ వేసే షాపు ప్రతి పెద్ద రోడ్డు మీదా ఉంది, ఆ ఒక్క ముక్క వరకే వేయమంటే వేస్తారు.

టాప్ లేపి ఉండగానే దాని వెనక గుంటలోకి టార్చి వేసి చూడండి. చాలా కార్లలో ఆ గుంట నుంచి నీళ్లు కిందికి పోవడానికి రెండు పక్కలా డ్రెయిన్ గొట్టాలుంటాయి. ఎంఎక్స్-5లో సీట్ల వెనక ఉంటాయి, అవి పూడుకుపోవడం ఆ కారుకున్న పేరుమోసిన జబ్బు. వేపచెట్టు కిందో గుల్‌మొహర్ కిందో కారు పెట్టే అలవాటుంటే ఆకులు, పూరేకులు అందులో చేరి ముద్దయిపోయి ఉంటాయి. చేత్తో ఏరి, మగ్గుతో కొద్దిగా నీళ్లు పోసి కారు కింద నుంచి కారుతున్నాయో లేదో చూడండి. కవర్ వేశాక ఈ గుంట కళ్లకి కనపడదు.

ఆ తర్వాత టాప్ ఆరిందో లేదో చూడండి. తడి టాప్ మడిచి పైన రెగ్జిన్ కప్పితే బూజు పట్టడానికి రెండు రోజులు చాలు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఈ జాగ్రత్త తప్పదు.

ఇక మడత. వెనక అద్దం ప్లాస్టిక్‌దై, దానికి జిప్ ఉంటే, టాప్ దించే ముందు జిప్ విప్పి దాన్ని చదునుగా పడుకోబెట్టండి. దాని మీద ఒక పాత మెత్తటి టవల్ పరిస్తే ఫ్రేమ్ గీతలు పడవు. చలికాలం పొద్దున్నే ఆ ప్లాస్టిక్‌ని మడవొద్దు, పగులుతుంది. గాజు అద్దమైతే జిప్ విప్పాలో వద్దో మీ కారు పుస్తకంలో చూసుకోండి, అన్నిటికీ ఒకే పద్ధతి కాదు. టాప్ వెనక్కి దించేటప్పుడు పక్కల గుడ్డ ఫ్రేమ్ చేతుల మధ్య నలగకుండా లోపలికి తోయండి. చెవుల్లా బయటికి పొడుచుకొచ్చే ఆ పక్క ముక్కలే మూలల దగ్గర కవర్‌ని ఎత్తిపెట్టేవి. టాప్ పూర్తిగా దిగాక రెండు అరచేతులతో మధ్యలో ఒకసారి, రెండు పక్కలా ఒక్కోసారి నెమ్మదిగా ఒత్తండి. ఫ్రేమ్‌కి లాక్ ఉంటే పడిన చప్పుడు వినాలి.

ఒక ముఖ్యమైన సంగతి. పాత కారుకి తర్వాతెప్పుడో కొత్త టాప్ వేయించి ఉంటే, అది మొదట వచ్చిన వినైల్ కాకుండా మూడు పొరల గుడ్డ టాప్ అయి ఉంటే, దాని మడత మందంగా ఉంటుంది. కంపెనీ కొలతకి కుట్టిన కవర్ దాని మీద బిగుతుగానే ఉంటుంది, ఎంత వేడి చేసినా పూర్తిగా తీరదు. అప్పుడు కవర్‌ని తిట్టుకుని లాభం లేదు. బటన్ల స్థానం మార్చుకోవడమో, కొత్తది కుట్టించుకోవడమో చేయాలి. ఆ రెండింటి గురించీ కింద చెప్తాను.

వేడి ఎంత, ఎక్కడ

రెగ్జిన్ అంటే బట్ట మీద పూసిన పీవీసీ. పీవీసీ సహజంగా గట్టి పదార్థం, మన ఇంట్లో నీళ్ల పైపు అదే. దానికి మెత్తదనం ఇచ్చేది అందులో కలిపిన ప్లాస్టిసైజర్. చల్లబడితే అది బిగుసుకుంటుంది, వెచ్చబడితే సాగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ప్లాస్టిసైజర్ మెల్లమెల్లగా బయటికి పోతుంది కాబట్టి పాత కవర్ ఎండలో కూడా మొండిగానే ఉంటుంది. వెనక బట్ట ఏదో కూడా తిప్పి చూడండి. బనియన్‌లా అల్లిక బట్ట అయితే బాగా సాగుతుంది, నేత బట్ట అయితే ఐమూలగా తప్ప సాగదు. నేత బట్ట కవర్‌ని సాగదీయాలని చూడకండి, దానికి మడత చదునుగా ఉండటమే మందు.

పార్శిల్‌లో వచ్చిన కవర్‌కి పడ్డ మడత గీతలు ముందు పోవాలి. డాబా మీద దుప్పటి పరిచి, దాని మీద కవర్‌ని రెగ్జిన్ వైపు పైకి ఉండేలా ఆరేయండి. పొద్దున తొమ్మిది, తొమ్మిదిన్నర ఎండ దీనికి సరిపోతుంది. లోపల గట్టి ప్లాస్టిక్ అట్టలు కుట్టిన కవర్ అయితే వెచ్చబడ్డాక నీడలోకి తెచ్చి, చదును నేల మీద బోర్లా పరిచి, వంపు తిరిగిన చోట ఐదు కిలోల బియ్యం సంచి పెట్టి రాత్రంతా వదిలేయండి. అట్ట వంకర ఉండగా బిగిస్తే ఆ వంకరలోనే గట్టిపడుతుంది.

బిగించే రోజు వేళ చూసుకోవడం ముఖ్యం. డిసెంబర్ తెల్లవారుజామున ఇక్కడ 15 డిగ్రీల కిందికి దిగుతుంది, సెల్లార్‌లో పెట్టిన కారు పొద్దున పదింటికి కూడా చల్లగానే ఉంటుంది. ఆ చలిలో కొత్త కవర్ బిగించే ప్రయత్నం వద్దు. ఏప్రిల్, మే మధ్యాహ్నాలు దానికి పూర్తి విరుద్ధం. బయట 40 దాటుతుంది, ముదురు రంగు బాడీ మీద చేయి పెట్టలేం. అప్పుడు రెగ్జిన్ మరీ మెత్తబడి ఉంటుంది. గట్టిగా లాగితే బటన్ చుట్టూ సాగిపోయి, చల్లారాక ఆ చోట ఉబ్బుగా, ముడతగా ఉండిపోతుంది. వేసవిలో అయితే పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య, చలికాలంలో పదకొండు, రెండు మధ్య మంచి వేళ. కవర్ మీద అరచేయి ఆనిస్తే హాయిగా వెచ్చగా అనిపించాలి. సుమారు 40 డిగ్రీలు. చేయి వెనక్కి తీసుకోవాల్సి వస్తే నీడలో కొద్దిసేపు ఉంచండి.

సెల్లార్‌లోనే పని చేయక తప్పని వాళ్లకి హెయిర్ డ్రైయర్ ఉంది. జానెడు దూరంలో పెట్టి, ఒకచోట ఆపకుండా అటూ ఇటూ ఆడిస్తూ, మూలల కుట్ల దగ్గర కాస్త ఎక్కువసేపు చూపించండి. హీట్ గన్ మాత్రం వద్దంటాను. దానితో పని సగం సమయంలో అవుతుంది, నిజమే. కానీ ఒక్క క్షణం ఏమరుపాటుగా ఉంటే రెగ్జిన్ మీది తోలు నగిషీ కరిగి నున్నగా మెరిసిపోతుంది. దాన్ని మళ్లీ వెనక్కి తేలేరు. పక్కనే ఉన్న పెయింట్, ప్లాస్టిక్ అద్దం కూడా దాని వేడికి తట్టుకోవు.

బిగించే వరస

ఇద్దరుంటే మంచిది. వాచ్‌మన్‌ని పిలిచినా సరే, కానీ ఎక్కడా గుంజొద్దని ముందే చెప్పండి. సాయం వచ్చిన మనిషి మొదట చేసేది గుంజడమే. చేతి ఉంగరాలు, గడియారం తీసి పక్కన పెట్టండి. బెల్ట్ బకిల్ కూడా. వెనక వంగినప్పుడు పెయింట్‌కి గీసుకునేది అదే.

మొదట కవర్ మధ్య ఎక్కడో గుర్తు పెట్టుకోవాలి. కవర్‌ని సగానికి కలిపి, వెనక అంచు మధ్యలో చిన్న మాస్కింగ్ టేప్ ముక్క అంటించండి. కారు మీద కూడా రెండు చివరి బటన్ల మధ్య దూరం కొలత టేపుతో కొలిచి సగం దగ్గర ఇంకో మాస్కింగ్ టేప్ ముక్క. ఈ రెండు ముక్కలూ ఎదురెదురుగా రావాలి. ఒక పక్కకి రెండు సెంటీమీటర్లు జరిగిన కవర్ ఒక మూలలో సులువుగా కూర్చుని, ఇంకో మూలలో ఎప్పటికీ అందదు. అది చూసి సైజు తప్పనుకుంటారు.

ప్రతి బటన్‌నీ శుభ్రం చేయండి. ఆడ బటన్ లోపలి స్ప్రింగ్‌లో దారపు పోగులు, దుమ్ము ఇరుక్కుని ఉంటాయి, పాత టూత్‌బ్రష్‌తో పోతాయి. మగ బటన్ తల మీద కొవ్వొత్తి ఒకసారి రుద్దండి, లేదా చిటికెడు సిలికాన్ గ్రీజు. వాజలైన్, ఇంజిన్ ఆయిల్ వద్దు, పెట్రోలియం జిడ్డు రెగ్జిన్‌కి మంచిది కాదు, పైగా దుమ్ము పట్టేస్తుంది.

ఇప్పుడు వెచ్చగా ఉన్న కవర్‌ని పరిచి, టేపు గుర్తులు కలిపి, వెనక మధ్య బటన్ ఒక్కటి పెట్టండి. ఇది ఆనవాలు కోసమే, తర్వాత మళ్లీ విప్పుతాం. ముందు వైపుకి వచ్చి కొక్కేలు తగిలించండి, అంచు దూర్చే రకమైతే పట్టీని ఒక చివర నుంచి మొదలుపెట్టి బొటనవేళ్లతో ఒత్తుకుంటూ ఇంకో చివరిదాకా పోండి. ఇక్కడే సీటు బెల్టులు చూసుకోవాలి. బెల్టు పట్టీ కవర్ కింద నలిగితే వెనక్కి చుట్టుకోదు, అవసరంలో బిగుసుకోదు. రెండు బెల్టులూ ఒకసారి పూర్తిగా లాగి వదిలి చూడండి. రోల్ బార్ (కారు బోల్తా పడితే తలల్ని కాపాడే, సీట్ల వెనకుండే కడ్డీ) ఉన్న కార్లలో కవర్ దాని కాళ్ల వెనక నుంచి పోవాలా, ముందు నుంచి పోవాలా అన్నది కవర్‌లోని కోతల్ని చూస్తే తెలుస్తుంది.

తర్వాత మూలలు. నేను గట్టిగా చెప్పే మాట ఇదొక్కటే: మూలలు చివరికి వదిలేయొద్దు. చాలామంది మధ్య నుంచి మొదలుపెట్టి, అటొకటి ఇటొకటి పెట్టుకుంటూ మూలలకి చేరతారు. చూడ్డానికి పద్ధతిగానే ఉంటుంది. కానీ మూల దగ్గర గుడ్డ రెండు మూడు పొరలు, పైపింగ్, రెండు వరసల కుట్టు, అంతా కలిసి అట్టలా ఉంటుంది. అది సాగదు. సాగే గుడ్డంతా మధ్యలో ఉంది. బిగుతైన గలేబులో దిండు దూర్చేటప్పుడు మూలలు ముందు సర్దుకుంటాం కదా, ఇదీ అంతే. కవర్ ఇంకా వదులుగా ఉండగానే రెండు మూలలూ పెట్టేయండి. అందుకోసం మధ్య బటన్ విప్పాల్సి వస్తే విప్పండి, గుర్తులున్నాయి కాబట్టి ఫర్వాలేదు.

మూల బటన్ పెట్టే తీరు కాస్త దగ్గరగా చూద్దాం. అంచుని రెండు చేతుల వేళ్లతో పట్టుకుని బయటికి లాగకండి. ఎడమ అరచేతిని బటన్‌కి నాలుగు అంగుళాలు వెనక, టాప్ మడత మీద చదునుగా ఆనించి, కవర్‌ని కిందికీ బయటికీ నెట్టండి. గుడ్డ చేతి కింద జారి వస్తుంది. కుడి చేతి చూపుడు వేలితో అంచు కింద తడిమి ఆడ బటన్ మగదాని మీదికి వచ్చిందో లేదో చూసుకోండి. కళ్లతో కాదు, వేలితోనే. సరిగ్గా మీద ఉంటే కొద్దిగా కదిపినా పక్కకి జారదు. అప్పుడు వేలు తీసి, బొటనవేలి కండ భాగంతో నిటారుగా నొక్కండి. టక్ అన్న చప్పుడు వస్తే పడినట్టు. మెత్తగా దిగి చప్పుడు రాకపోతే ఒక వైపే పట్టింది, రోడ్డెక్కగానే ఊడుతుంది, విప్పి మళ్లీ పెట్టండి. సన్నటి రేకు బాడీ అయితే సుత్తి, స్క్రూడ్రైవర్ పిడి లాంటి వాటితో కొట్టకండి. సొట్ట పడుతుంది, దానికి అయ్యే ఖర్చుతో ఇంకో కవర్ వస్తుంది.

రెండు మూలలూ పడ్డాక మిగతావి తేలిక. మూల పక్కది కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, అలా లోపలికి వస్తూ మధ్యది చివర. మధ్య దగ్గర అరంగుళం తక్కువైనా అటూ ఇటూ ఉన్న గుడ్డంతా తలా కాస్త ఇస్తుంది.

చివరి రెండు పడకపోతే

వదిలేయండి. నిజంగానే. పడినవి పడినట్టు ఉంచి, కారుని అలాగే గంట సేపు ఎండలో ఉంచితే రెగ్జిన్ ఆ ఆకారానికి అలవాటుపడుతుంది. తర్వాత నొక్కి చూడండి, చాలాసార్లు పడతాయి. అప్పటికీ పడకపోతే అన్నీ విప్పి, కవర్ తీసి మడత మళ్లీ చూడండి. టవల్ ఉండలా చుట్టుకుందా, జిప్ అంచు లేచిందా, ఫ్రేమ్ లాక్ పడిందా.

మొదటిసారి అన్నీ పడ్డాక రెండు మూడు రోజులు తీయకుండా ఉంచగలిగితే మంచిది, అయితే నీడలో, ఇంటి దగ్గరే. మొదటి వారం ప్రతి బిగింపూ ముందుదానికంటే సులువవుతుంది. అందుకే కొన్న రోజే బటన్ల చోటు మార్చే పనికి దిగొద్దు. ఇవ్వాళ నాలుగు మిల్లీమీటర్లు తక్కువైంది వచ్చే వారం సరిపోవచ్చు.

వారం తర్వాత కూడా ఒకే బటన్ మొండికేస్తే అప్పుడు మార్చాలి. మార్చాల్సింది కవర్ మీదున్న బటన్‌ని, కారు మీదున్నదాన్ని కాదు. రెగ్జిన్‌కి పడ్డ కన్నాన్ని వెనక చిన్న ముక్క అతికించి మూసుకోవచ్చు, బాడీకి వేసిన కన్నం అక్కడి నుంచి తుప్పుని పిలుస్తుంది. ఏదైనా కారణంతో బాడీకి డ్రిల్ వేయాల్సే వస్తే, కన్నం అంచుకి టచప్ పెయింట్ పూసి, ఆరాక స్టెయిన్‌లెస్ స్క్రూ వాడండి.

బటన్లు, వాటిని కొట్టే డై కోసం రాణిగంజ్ వైపు వెళ్లండి, బేగంబజార్‌లోనూ దొరుకుతాయి. ఖాళీ చేతులతో వెళ్లకండి. పాత బటన్ రెండు ముక్కలూ జేబులో వేసుకుని వెళ్లి, మగదాని మీద కొత్త ఆడది నొక్కి చూసి కొనండి. కార్లకి మామూలుగా వాడేది టోపీ అడ్డం 15 మిల్లీమీటర్లుండే రకం. బ్యాగులకి, జాకెట్లకి వాడే చిన్నవి చూడటానికి అలాగే ఉంటాయి కానీ గాలికి ఆగవు. ఇత్తడివి కానీ స్టెయిన్‌లెస్‌వి కానీ అడగండి. అయస్కాంతం పెట్టి చూస్తే ఇనుప రేకువి దొరికిపోతాయి, వానాకాలం తర్వాత అవే రెగ్జిన్ మీద ఎర్ర మరకలు పెడతాయి. కొట్టేటప్పుడు కింద ఇనుప దిమ్మ పెట్టి, ఒక గట్టి దెబ్బ. పది చిన్న దెబ్బలు కొడితే బటన్ వంకరవుతుంది.

ఇక్కడే కుట్టిస్తే

బయటి నుంచి తెప్పించడం దండగ అనిపిస్తే, లేదా గోవాలో తయారైన శాన్ స్టార్మ్ లాంటి అరుదైన కారు మీ దగ్గరుంటే, సీటు కవర్ల మేస్త్రీలే దిక్కు. మన ఊళ్లో మంచి చేయి ఉన్నవాళ్లున్నారు. కాకపోతే వాళ్లకి అలవాటు సీట్లు, అంటే స్పంజి మీద బిగుతుగా లాగి కుట్టడం. బూట్ కవర్‌ని కూడా అలాగే లాగి కొలుస్తారు. కొలత తీసుకునేటప్పుడు మీరు దగ్గరుండండి. టాప్ దించి, సరిగ్గా మడిచి, పైన పాత చీరో పల్చటి బట్టో పరిచి, ఉన్న బటన్లన్నీ దాని మీద సుద్దతో గుర్తు పెట్టించండి. నేరుగా రెగ్జిన్ మీద కోయనివ్వొద్దు.

అల్లిక బట్ట వెనకున్న రెగ్జిన్ అడగండి, ఎండకి తట్టుకునే రకం. దారం పాలిస్టర్‌దే కావాలి, నూలు దారం మన ఎండకి రెండో వేసవికల్లా పుచ్చిపోతుంది. అంచు లోపల మెత్తటి ఫెల్ట్ పట్టీ కుట్టమంటే పెయింట్‌కి రక్షణ. బటన్లు మాత్రం షాపులో కొట్టించుకోకుండా, కవర్ కుట్టడం అయ్యాక కారు మీద పరిచి, మూలల నుంచి మొదలుపెట్టి ఒక్కోటీ అక్కడికక్కడే గుర్తుపెట్టి కొట్టించండి. ‘ఇంకొంచెం టైట్‌గా ఉంటే లుక్ బాగుంటుంది సార్’ అంటారు. వద్దు భాయ్ అనండి. ఎండాకాలంలో కుట్టిన బిగుతు కవర్ డిసెంబర్‌లో అందదు.

రోడ్డు మీద

మొదటిసారి కాలనీలో రెండు చుట్లు, తర్వాత నెక్లెస్ రోడ్ లాంటి నిదానమైన చోట ఒకసారి తిరిగి ఆపి, బటన్లన్నీ చేత్తో తడమండి. ఓఆర్ఆర్ ఎక్కేది ఆ తర్వాతే. వేగం పెరిగేకొద్దీ గాలి కవర్‌ని పైనుంచి నొక్కదు, పైకి లాగుతుంది. ముందు అంచు ఎక్కడైనా వదులుంటే అందులోకి గాలి దూరి బుడగలా లేస్తుంది, ఒక బటన్ ఊడితే మిగతావి వరసగా ఊడతాయి. వెనక ఎత్తులో ఉండే మూడో బ్రేక్ లైటుకి కవర్ అడ్డు రావడం లేదని కూడా చూసుకోండి.

బయల్దేరే ముందు తీయడం కూడా సాధన చేయండి, ఎందుకంటే కవర్ ఉండగా టాప్ లేవదు. ఏప్రిల్, మే సాయంత్రాలు ఇక్కడ వాన చెప్పి రాదు. గచ్చిబౌలిలో ఎండగా ఉంటుంది, మెహిదీపట్నం చేరేసరికి గాలిదుమారం. పడమర నల్లబడుతుంటే ఫ్లైఓవర్ కింద చోటు వెతుక్కోండి. బైకుల వాళ్లు అప్పటికే అక్కడ ఉంటారు కాబట్టి ముందుగానే ఆగాలి, రోడ్డుకి అడ్డం లేకుండా.

తీసే వరస బిగించిన దానికి సరిగ్గా తిరగవేత: ముందు మధ్య బటన్, అక్కడి నుంచి మూలల వైపు, చివరికి ముందు కొక్కేలు. గుడ్డ పట్టుకుని లాగొద్దు. బటన్ పక్కనే, దానికి ఆనుకుని వేలు దూర్చి నిటారుగా పైకి లేపండి. వేలు దూరకపోతే ఐస్‌క్రీమ్ పుల్ల లాంటి చెక్క ముక్క ఒకటి గ్లవ్ బాక్స్‌లో ఉంచుకోండి. స్క్రూడ్రైవర్ మాత్రం పెయింట్ దగ్గరికి రానీయొద్దు.

సంరక్షణ, దాచడం

రెగ్జిన్‌ని నీళ్లలో కలిపిన తేలికపాటి షాంపూతో తుడిచి, తడి ఆరనిస్తే చాలు. థిన్నర్, పెట్రోల్ ముట్టించొద్దు. మెరుపు కోసం కొబ్బరినూనె రాసేవాళ్లున్నారు, టైర్ పాలిష్ కొట్టేవాళ్లూ ఉన్నారు. రెండూ ఒక పూట బాగుంటాయి, తర్వాత ఊళ్లో దుమ్మంతా దాని మీదే. కావాలంటే యూవీ రక్షణ ఉన్న, నీటి ఆధారిత వినైల్ ప్రొటెక్టెంట్ నెలకోసారి వేయండి. బట్టకి పట్టించి రాయాలి, కారు మీద స్ప్రే కొట్టొద్దు.

వాడనప్పుడు కవర్‌ని మడతపెట్టి డిక్కీలో కుక్కితే మొదటి రోజు కష్టమంతా మళ్లీ మొదటికొస్తుంది. నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క ఒకటి కొని, రెగ్జిన్ వైపు బయటికి ఉండేలా దాని మీద చుట్టండి. బటన్లు రెగ్జిన్ మీద అచ్చు పడకుండా మధ్యలో పాత దుప్పటి వేసి, రెండు చోట్ల గుడ్డ పీలికతో వదులుగా కట్టి, మంచం కింద పడుకోబెట్టండి. నిలబెడితే కింది అంచు నలుగుతుంది. వానాకాలం నాలుగు నెలలూ అది ఇంట్లోనే ఉండొచ్చు. అక్టోబర్‌లో తీసినప్పుడు ముందుగా ఒక పొద్దుట డాబా ఎండ చూపించి, బటన్లకి మళ్లీ కొవ్వొత్తి రుద్ది, మూలల నుంచే మొదలుపెట్టండి.